నోటికి ఆపరేషన్, గొంతుకు కరెంటు: ఒకే క్యాన్సర్‌కు రెండు దారులెందుకు?

బెంగళూరు డెయిరీ సర్కిల్ దగ్గరున్న కిద్వాయి ఆసుపత్రి ఓపీలో కాసేపు కూర్చుంటే కన్నడంతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. 1973లో మొదలైన ఈ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి హిందూపురం, కదిరి, ధర్మవరం, మదనపల్లె వైపు నుంచి ఏళ్ల తరబడి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ల నోట తరచుగా వినే ప్రశ్న ఇది: "నాకేమో దవడ తీసేయాల అంటాండారు. ఆయప్పకేమో కరెంటు పెడితే చాలంట. ఇద్దరిదీ ఒకే జబ్బు గదా సామీ, ఇట్లెందుకు?" కరెంటంటే రేడియేషన్.

ఓపీ హడావుడిలో ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పేంత టైం ఎవరికీ ఉండదు. జవాబు దొరకనివాళ్లకు అనుమానం మొదలవుతుంది. డబ్బు కోసమే కోస్తామంటున్నారేమో అనుకుని ఇంకో ఆసుపత్రికి, అక్కణ్నుంచి ఎవరో చెప్పిన పసరు మందుకు తిరుగుతారు. రెండు మూడు నెలలు గడిచిపోతాయి. ఈ జబ్బులో అన్నిటికన్నా విలువైనవి ఆ నెలలే. అందుకే ఆ ప్రశ్ననే పట్టుకుని మొదటి నుంచీ వివరంగా చెప్పుకుందాం.

తల, మెడ క్యాన్సర్లు అన్న పేరు కింద చాలా చోట్లు వస్తాయి. పెదవి, నాలుక, బుగ్గ లోపలి పొర, చిగురు, అంగిలి, టాన్సిల్, నాలుక మొదలు, స్వరపేటిక, దాని వెనక ఆహారం దిగే దారి, ముక్కు వెనక భాగం, సైనస్‌లు, లాలాజల గ్రంథులు. మెదడు ఇందులోకి రాదు. థైరాయిడ్‌ను మామూలుగా వేరే లెక్కలో వేస్తారు. ఇన్ని చోట్లున్నా పదింట తొమ్మిది కేసుల్లో క్యాన్సర్ రకం ఒకటే, లోపలి తడి పొరలో పుట్టే స్క్వామస్ సెల్ కార్సినోమా. బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టులో ఇద్దరికీ అదే పేరు రావచ్చు. అయినా ఒకరికి బుగ్గలో పుట్టింది, ఇంకొకరికి స్వరపేటికలో. వైద్యం దారి చీలేది ఇక్కడే.

మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. 2022 అంచనాల ప్రకారం ఆడా మగా కలిపి ఆ ఒక్క ఏడాదే 1.4 లక్షలకు పైగా కొత్త కేసులు. పాశ్చాత్య దేశాల్లో నోటి క్యాన్సర్ ఎక్కువగా నాలుక మీద, నాలుక కింద కనిపిస్తే, మన దగ్గర బుగ్గకూ చిగురుకూ మధ్య సందులో ఎక్కువ. గుట్కా, ఖైనీ, ఆకువక్క ఏ పక్కన అదిమిపెట్టి గంటల తరబడి ఉంచుకుంటారో సరిగ్గా ఆ పక్కనే పుండు లేస్తుంది. "ఏ వైపు పెట్టుకుంటావు?" అని డాక్టరు అడిగితే పేషెంటు వేలితో చూపించే చోటే చాలాసార్లు జబ్బున్న చోటు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లకు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగేవాళ్లకు, అంగిలి మీద క్యాన్సర్ రావడం మన డాక్టర్లు దశాబ్దాల కిందటే రాసిపెట్టిన సంగతి.

పొగాకు లేని వక్కపొడి ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే, పొగాకు కలవకపోయినా సరే, వక్కను మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. గుట్కా మీద నిషేధం వచ్చాక పాన్ మసాలా ఒక పొట్లంగా, జర్దా ఇంకో పొట్లంగా అమ్ముతున్నారు. రెండూ కలుపుకుంటే అదే గుట్కా. తాగుడు తోడైతే ప్రమాదం కలవడం కాదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్లు కూడా ఉన్నాయి. అవి అమెరికా, యూరప్‌లలో ఎక్కువ. మన దగ్గర మాత్రం పెద్ద దోషి ఇప్పటికీ పొగాకూ వక్కే.

ఈ జబ్బు చాలామందికి ముందే కబురు పెడుతుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ. అంతకన్నా ప్రమాదమైనది, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉండే ఎర్ర మచ్చ. వక్క నమిలేవాళ్లకు బుగ్గలు బిగుసుకుపోయి నోరు రోజురోజుకూ తక్కువ తెరుచుకోవడం. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడింటినీ నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టండి. పట్టకపోతే డాక్టరును కలవాలి. కారం తగిలితే నోరు భగ్గుమనడం కూడా దీని తొలి లక్షణమే. చాలామంది దాన్ని వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు.

క్యాన్సర్ లక్షణాల్లో చాలావాటికి ఒకే కొలత చాలు: మూడు వారాలు. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, తగ్గని గొంతు బొంగురు, మింగితే నొప్పి, మెడలో గడ్డ. వీటితో పాటు, కారణం లేకుండా ఊడే పన్ను, ముక్కు ఒక పక్కనే మూసుకుపోయి రక్తం పడటం. జనం బాగా పొరబడేది చెవి పోటు దగ్గర. గొంతుకూ చెవికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉంటాయి. దాంతో నాలుక మొదట్లో పుండుంటే నొప్పి చెవిలో తెలుస్తుంది. చెవిలో చుక్కల మందు వేసుకుంటూ నెలలు గడిపేస్తారు. చెవి పరీక్షలో ఏమీ లేదంటే, పొగాకు అలవాటున్న మనిషికి గొంతు చూడాల్సిందే.

అనుమానం ఉంటే తేల్చేది బయాప్సీ, అంటే ముక్క పరీక్ష. "ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుంది" అన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. నోటి పుండు నుంచి చిన్న ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. పరీక్షకు భయపడి ఆగిన రోజుల్లోనే అది పాకుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మెడలో గడ్డ కనబడగానే ఊళ్లో చిన్న ఆసుపత్రిలో కోయించి తీయించుకోకూడదు. ముందు సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ, నోరూ గొంతూ పూర్తిగా చూడటం, తరవాతే మిగతావి. ముందుగా కోసేస్తే తరవాత చేయాల్సిన పెద్ద ఆపరేషన్‌కు చిక్కులొస్తాయి.

ఇక స్టేజీ. రిపోర్టులో నాలుగు అన్న అంకె చూడగానే ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. "ఫోర్త్ స్టేజంట, ఇంక ఇంటికి తీస్కపోదాం" అని పెద్దల మధ్య నిర్ణయం జరిగిపోతుంది. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం. తల, మెడ క్యాన్సర్లలో నాలుగో స్టేజీకి ఏ, బీ, సీ అని మూడు భాగాలున్నాయి. పుండు దవడ ఎముకను తొలిచినా, మెడలో రెండు బిళ్లలకు (లింఫ్ గ్రంథులకు) జబ్బు చేరినా లెక్క ప్రకారం నాలుగు ఏ అవుతుంది. అలాంటివాళ్లకు ఆపరేషన్, ఆ తరవాత రేడియేషన్ చేసేది జబ్బు పూర్తిగా నయం చేద్దామనే. ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకితేనే నాలుగు సీ. అప్పుడు వైద్యం లక్ష్యం ఆయుష్షు పెంచడం, నొప్పి తగ్గించడం. కాబట్టి డాక్టరును అడగాల్సిన ప్రశ్న "ఎన్నో స్టేజీ?" ఒక్కటే కాదు. "నయం చేయడానికి చేస్తున్నారా, బాధ తగ్గించడానికి చేస్తున్నారా?" అని కూడా అడగండి. సూటిగా అడిగితే సూటిగానే చెబుతారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బుగ్గ, చిగురు, నాలుక చేతికి అందే చోట్లు. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండను కొంత కలిపి పుండును పూర్తిగా తీసేయవచ్చు. నోటి క్యాన్సర్లు ఆపరేషన్‌తోనే బాగా అదుపులోకి వస్తాయి. అక్కడ రేడియేషన్‌నే నమ్ముకుంటే పెద్ద డోసు ఇవ్వాలి, పక్కనే ఉన్న దవడ ఎముక ఆ డోసుకు దెబ్బతిని కుళ్లే ప్రమాదం ఉంది. స్వరపేటిక సంగతి వేరు. దాన్ని తీసేస్తే గొంతు పోతుంది, జీవితాంతం మెడలో రంధ్రంతోనే ఊపిరి పీల్చుకోవాలి. 1991లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 332 మంది మీద చేసిన పరిశోధన ఇక్కడ దారి మార్చింది. ముదిరిన స్వరపేటిక క్యాన్సర్‌కు ముందు కీమో, తరవాత రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ రెండేళ్ల తరవాత సమానంగానే బతికి ఉన్నారు. మొదటి గుంపులో దాదాపు మూడింట రెండొంతుల మందికి స్వరపేటిక మిగిలింది. అప్పటినుంచీ గొంతు క్యాన్సర్లలో చాలావాటికి రేడియేషన్, దానితో పాటు కీమో మొదటి మాటగా మారాయి. స్వరపేటిక మృదులాస్థిని (మెత్తటి ఎముకను) జబ్బు పూర్తిగా తినేసి ఉంటే మాత్రం అక్కడ కూడా ఆపరేషనే మేలు.

నోటి ఆపరేషన్‌లో ఇంకో సందేహం. "పుండు నాలుక మీదైతే మెడ ఎందుకు కోశారు?" ఈ క్యాన్సర్ మొదట వెళ్లేది మెడలోని బిళ్లలకే, అదీ చేతికి తగలనంత సన్నగా. ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు అనిల్ డిక్రూజ్ నాయకత్వంలో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. తొలి దశ నోటి క్యాన్సర్, మెడలో గడ్డేదీ తగలడం లేదు. అలాంటివాళ్లలో సగం మందికి నోటితో పాటే మెడ బిళ్లలూ తీసేశారు. మిగతా సగాన్ని కనిపెట్టుకుని ఉండి, గడ్డ వస్తే అప్పుడు తీశారు. మూడేళ్లకు మొదటి గుంపులో 80 శాతం మంది, రెండో గుంపులో 67.5 శాతం మంది బతికి ఉన్నారు. ఇప్పుడు ప్రపంచమంతా నడిచే పద్ధతికి మన దేశపు పేషెంట్లే ఆధారం. మెడ ఆపరేషన్ తరవాత భుజం ఎత్తడం కష్టమవుతుంది. ఫిజియోథెరపీ మొదటి వారాల్లోనే మొదలుపెడితే చాలావరకు కోలుకుంటుంది.

దవడ ముక్క తీస్తే ముఖం ఏమవుతుందన్నది, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, పెళ్లి కావాల్సిన కుర్రాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. కాలి పిక్క పక్కనున్న సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తీసి దవడగా అమర్చుతారు. ముంజేతి చర్మంతో నాలుక కడతారు. ఛాతీ కండను పైకి తిప్పి బుగ్గకు అతికిస్తారు. మొదటి రెండింటిలో రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కుట్టాలి కాబట్టి ఎనిమిది, పది గంటలు పట్టడం మామూలే. ముఖం అచ్చం పాత ముఖం కాదు. కాని తినడానికి, మాట్లాడటానికి, నలుగురిలో తిరగడానికి వీలవుతుంది.

తీసిన కండ మొత్తం ల్యాబుకు వెళ్తుంది. ఆ రిపోర్టే తరవాతి దారి చెబుతుంది. అంచుల్లో జబ్బు మిగిలిందా, ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగింది, ఎన్ని బిళ్లల్లో ఉంది, బిళ్ల పొర చీల్చుకుని బయటకు వచ్చిందా. కొందరికి రేడియేషన్ అక్కర్లేదు. కొందరికి కావాలి. అంచు తేడాగా ఉన్నా, బిళ్ల పొర దాటినా రేడియేషన్‌తో పాటు సిస్ప్లాటిన్ అనే కీమో కూడా జోడిస్తారు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. "పుండు మానింది, పంట కోతలు అయ్యాక వస్తాం" అంటే కుదరదు.

రేడియేషన్‌కు ముందు రెండు పనులు. ఒకటి పళ్లు. పుచ్చిన పళ్లుంటే కనీసం రెండు వారాల ముందే తీయించేయాలి, ఎందుకంటే రేడియేషన్ పడ్డ దవడలో తరవాత పన్ను తీస్తే గాయం మానక ఎముక పాడవుతుంది. ఏళ్లు గడిచాక కూడా పళ్ల డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. రెండోది మాస్క్. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ షీటును వేడినీళ్ల తొట్టిలో మెత్తబరిచి, బల్ల మీద పడుకున్న మనిషి ముఖం మీద, మెడ మీద పరిచి అదుముతారు. గోరువెచ్చగా తగులుతుంది, కొన్ని నిమిషాల్లో ముఖం ఆకారానికి గట్టిపడుతుంది. దాని మీద గీతలు గీసి పేరు రాసి గోడకు తగిలిస్తారు. వారానికి ఐదు రోజులు, ఆరు నుంచి ఏడు వారాలు, అదే మాస్క్ బిగించి రోజూ పది పదిహేను నిమిషాలు. కదలకుండా ఉండటానికే అది. ఊపిరి ఆడుతుంది. ఇరుకు గదులంటే భయమున్నవాళ్లు ముందే చెబితే టెక్నీషియన్లు నిదానంగా అలవాటు చేస్తారు.

మొదటి రెండు వారాలు ఏమీ అనిపించదు. మూడో వారం నుంచి నోరు పూస్తుంది, రుచి పోతుంది, ఉమ్మి జిగటగా మారుతుంది, మెడ నల్లబడుతుంది. నాలుగో వారానికి నీళ్లు మింగినా మంట. సరిగ్గా అప్పుడే "కొంచెం తగ్గినాక వస్తాం" అని చాలామంది ఊరికి బస్సెక్కుతారు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ బస్సే. మధ్యలో ఆపితే బతికి ఉన్న క్యాన్సర్ కణాలు, కొట్టేసిన తుమ్మ మొద్దు వానకు చిగురేసినట్టు, మునుపటికన్నా వేగంగా పెరుగుతాయి. వైద్యం ఒక్కో రోజు సాగేకొద్దీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్క. పది రోజులు ఇంటి దగ్గరుండి వస్తే ఎంత పోయిందో చూసుకోండి. నోటి పూత వైద్యం ముగిశాక కొన్ని వారాల్లో మానిపోతుంది. పోగొట్టుకున్న అవకాశం తిరిగి రాదు.

కాబట్టి ఆ మూడు నాలుగు వారాలు గట్టెక్కడమే అసలు పని, అది చాలావరకు వంటింటి పని. మన ఇళ్లలో జబ్బు మనిషికి పత్యం పేరుతో పాలు, గుడ్లు, పెరుగు ఆపేసి చారన్నం పెడతారు. ఇక్కడ అది పెద్ద తప్పు. కండ కరిగిపోతే మాస్క్ వదులైపోయి ప్లాన్ మళ్లీ వేయాల్సి రావచ్చు. రాగి జావలో పాలు, పప్పన్నం నెయ్యి వేసి మిక్సీ పట్టింది, బాగా ఉడికిన గుడ్డు నలిపి పాలలో, అరటిపండు, పెరుగు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. కారం, ఊరగాయ, పులుపు, వేడి వేడి టీ వద్దు. తిన్న ప్రతిసారీ ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాసినా భయపడకండి, చెప్పినట్టు వాడితే మింగడం సాధ్యమవుతుంది. ముక్కు గొట్టం పెడదామంటే "ఇంక అయిపోయింది" అని ఏడుస్తారు. ఆ గొట్టం తిండి కోసం, కొన్ని వారాల కోసం. గొట్టంతో పూర్తి డోసు తీసుకుని, తరవాత తీయించుకుని అన్నం తిన్నవాళ్లు ఎంతోమంది.

నోరు బిగుసుకోకుండా రోజూ వ్యాయామం చేయాలి. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, వారం వారం ఒక పుల్ల పెంచడం చాలా ఆసుపత్రుల్లో నేర్పే పద్ధతి. వైద్యం నడిచే రోజుల్లో పొగాకు ఒక్క చిటికెడు కూడా తాకకూడదు, అది రేడియేషన్ పనిని చెడగొడుతుంది.

జబ్బు తిరగబెట్టినా, మొదటే చేయి దాటినా ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి ఉసిగొల్పే వైద్యం, ఉంది గాని ఖరీదు లక్షల్లో. టాటా మెమోరియల్ డాక్టర్లు ఇక్కడ కూడా మన జేబుకు తగ్గ దారి వెతికారు. మామూలుగా 240 మిల్లీగ్రాములిచ్చే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును 20 మిల్లీగ్రాములకు తగ్గించి, మాత్రల రూపంలో తీసుకునే మందులతో కలిపి ఇచ్చారు. ఉత్త మాత్రలే తీసుకున్నవాళ్లలో ఏడాది తరవాత 16.3 శాతం మంది బతికి ఉంటే, ఇది కలిపి తీసుకున్నవాళ్లలో 43.4 శాతం మంది ఉన్నారు. మీ ఆసుపత్రిలో ఈ పద్ధతి ఉందా అని అడగడంలో తప్పులేదు.

స్వరపేటిక తీయక తప్పనివాళ్లకు మాట పూర్తిగా పోయినట్టు కాదు. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం పెడితే మాట వస్తుంది. బయటి దేశాల నుంచి వచ్చేవి వేల రూపాయలు, పైగా కొన్నాళ్లకోసారి మార్చాలి. బెంగళూరు సర్జన్ విశాల్ రావు ఒక మిత్రుడితో కలిసి ఓమ్ అనే కవాటం తయారుచేసి దాని ధర 50 రూపాయలుగా పెట్టారు.

డబ్బు విషయం క్లుప్తంగా. కర్ణాటక ప్రభుత్వ పథకం ఆ రాష్ట్రపు కార్డున్నవాళ్లకే. ఆంధ్ర కార్డుంటే బయలుదేరే ముందే మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను (పథకం వివరాలు చెప్పే ఉద్యోగిని) కలిసి, బెంగళూరులో ఏ ఆసుపత్రి ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన వైద్య సేవ జాబితాలో ఉందో, మీ ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

వైద్యం ముగిశాక తిరగబెట్టడమనేది ఎక్కువగా మొదటి రెండేళ్లలో జరుగుతుంది. అందుకే మొదట్లో ఒకటి నుంచి మూడు నెలలకోసారి, తరవాత దూరం పెంచుతూ ఐదేళ్లు చెకప్. కీమోతో కలిపి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు జబ్బు ఎక్కడైనా మిగిలిందా అని చూసే పెట్ స్కాన్ పన్నెండు వారాలకు గాని చేయరు. అంతకుముందు చేస్తే వాపు కూడా జబ్బులా కనిపించి ఊరికే టెన్షన్. మెడకు రేడియేషన్ పడ్డవాళ్లకు థైరాయిడ్ మందగించడం సాధారణం, ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష చేయించుకోవాలి.

చెకప్‌కు వచ్చేటప్పుడు ఇంట్లో వక్కా గుట్కా నమిలే తమ్ముడినో బావనో కూడా వెంట తెచ్చుకోండి. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి టార్చిలైటుతో నోళ్లు చూసిన పెద్ద పరిశోధన ఫలితం 2005లో వచ్చింది. పొగాకు, తాగుడు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మానాలనుకునేవాళ్లకు పొగాకు పొట్లాల మీద అచ్చువేసే టోల్‌ఫ్రీ నంబరు 1800 11 2356.